మా అబ్బాయి బఫెలో చొక్కా అడిగాడు

ప్రశ్న: అన్నగారూ, మాది న్యూజెర్సీలో ఎడిసన్. 2008లో ఉద్యోగం మీద వచ్చాను. ఆఫీసులో అందరూ న్యూయార్క్ జెట్స్ అనే అమెరికా ఫుట్‌బాల్ జట్టు అభిమానులే కావడంతో, మరుసటి ఏడు వాళ్లతో కూర్చుని చూడ్డం మొదలుపెట్టాను. ఆ ఏడూ, ఆ పై ఏడూ మన జట్టు సూపర్ బౌల్ అనే ఆఖరి పోటీ గుమ్మం దాకా వెళ్లింది. ఇంకేం, పచ్చ చొక్కా కొన్నాను, తర్వాత రెండు సీజన్ టికెట్లు కూడా కొన్నాను. అప్పట్నుంచి 14 సీజన్లు గడిచాయి, ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. శాంచెజ్, జీనో స్మిత్, హాకెన్‌బర్గ్, డార్నాల్డ్, జాక్ విల్సన్, రాడ్జర్స్, ఈ 2025లో ఫీల్డ్స్. ప్రతిసారీ ‘ఇతనే మన ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్’ అంటారు. వేరే జట్లలో మెరుస్తున్న జాష్ అలెన్‌ని వదిలేశారు, లమార్ జాక్సన్‌ని వదిలేశారు. ఈ మేనేజ్‌మెంట్‌లో ఒక్కరికైనా ఆట తెలుసా? ఆదివారం ఓడితే సోమవారం సాయంత్రం దాకా నేను ఎవరితోనూ మాట్లాడను. సెప్టెంబరు నుంచి జనవరి దాకా ఆదివారాలు ఇంటికి ఎవరినీ పిలవడం మా ఆవిడ మానేసింది. ఇది చాలదన్నట్టు మా పన్నెండేళ్ల వాడు పుట్టినరోజుకి బఫెలో బిల్స్ చొక్కా కావాలన్నాడు, జాష్ అలెన్ 17వ నంబరుది. ‘ఈ ఇంట్లో అది కనపడకూడదు’ అని అరిచాను. వాడు ఏడవలేదు, నవ్వాడు. అది ఇంకా మండిస్తోంది. నేను జట్టు మారాలా? వాణ్ణి మారనివ్వాలా?

సమాధానం:

తమ్ముడూ,

అన్నగారూ అన్నావు కాబట్టి ఆ చనువుతోనే రాస్తున్నాను. పైగా మనిద్దరిదీ ఒకే రోగం, నాది కాస్త ముదిరింది. నేను ఈ దేశం వచ్చింది 1998లో. ఆ ఏడు జెట్స్ 12 గెలిచి, 4 ఓడి, సూపర్ బౌల్‌కి ముందు మెట్టయిన కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్లి డెన్వర్ చేతిలో 23-10తో ఓడారు. ‘వచ్చే ఏడు మనదే’ అన్నారు అందరూ. ఆ వచ్చే ఏడు మొదటి ఆటలోనే మన క్వార్టర్‌బ్యాక్ విన్నీ టెస్టావర్డీకి మడమ వెనకుండే అకిలీస్ నరం తెగింది. సీజన్ ఆ మధ్యాహ్నమే అయిపోయింది. ఒక్క రోజు తక్కువ 24 ఏళ్ల తర్వాత, 2023 సెప్టెంబరు 11న, ఆరన్ రాడ్జర్స్ జెట్స్ చొక్కాలో నాలుగో స్నాప్‌కే, అంటే బంతి నాలుగోసారి ఆటలోకి రాగానే, అదే నరం తెంచుకుని కూలబడ్డాడు. పాత స్టేడియం పడగొట్టి పక్కనే కొత్తది కట్టారు గానీ ఆవరణ అదే. ఆ రాత్రి నువ్వు తల పట్టుకుని ఉంటావు. నేను నవ్వాను. ఎంతకీ ఆపకపోతే మా ఆవిడకి భయమేసింది. మీవాడి నవ్వు గురించి చదివినప్పుడు నాకు ఆ రాత్రే గుర్తొచ్చింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఈ శీర్షిక చదివేవాళ్లలో చాలామందికి క్రికెట్ తప్ప పట్టదు కాబట్టి వాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని కోలబంతితో ఆడే అమెరికా ఫుట్‌బాల్. బంతి ఎవరికి విసరాలో, ఎవరి చేతిలో పెట్టాలో నిర్ణయించేవాడు క్వార్టర్‌బ్యాక్. అతను గట్టివాడు కాకపోతే తక్కిన పదిమందీ ఎంత మొనగాళ్లయినా దండగే. ఇక డ్రాఫ్ట్ అంటే ఐపీఎల్ వేలంలా డబ్బు పెట్టి పాడుకోవడం కాదు. కాలేజీల్లో ఆడి వచ్చిన కుర్రాళ్లను 32 జట్లు ఏడు రౌండ్లలో వంతులవారీగా ఎంచుకుంటాయి. కిందటి ఏడు అందరికంటే అధ్వాన్నంగా ఆడినవాళ్లకు మొదటి వంతు. ఓడినవాళ్లు కోలుకోవాలని పెట్టిన దయగల పద్ధతి. ఆ దయకు మనవాళ్లు ఏటేటా అర్హత సంపాదిస్తూనే ఉన్నారు.

ఇప్పుడు నీ జాబితా. అందులో చాడ్ పెన్నింగ్టన్ లేడు, నువ్వు రాకముందు మనిషి. నేను అతని దగ్గర్నుంచే మొదలుపెడతాను. 2000 డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లోనే మనకు నాలుగు వంతులున్నాయి. 18వ వంతులో పెన్నింగ్టన్‌ని తీసుకున్నారు, ఆ ఏడు అందరికంటే ముందు ఎంపికైన క్వార్టర్‌బ్యాక్ అతనే. తప్పు ఎంపికా? కాదు. భుజం దెబ్బలతో సతమతమైనా మూడుసార్లు ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్లాడు. 2008లో, అంటే నువ్వు విమానం దిగిన ఏడే, పేరున్న క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ దొరికాడని ఇతన్ని పొమ్మన్నారు. అతను మన డివిజన్‌లోనే, అంటే మన నాలుగు జట్ల గుంపులోనే, ఉన్న మయామికి వెళ్లాడు. ఆ సీజన్ చివరి ఆట, డిసెంబరు 28, మన మైదానంలోనే. పెన్నింగ్టన్ 24-17తో మనల్ని ఓడించి మయామికి డివిజన్ గెలిచిపెట్టాడు. ఫార్వ్ ఆ ఒక్క ఏడాదే ఉండి వెళ్లిపోయాడు.

తర్వాత జీనో స్మిత్. 2013లో రెండో రౌండ్. 2015లో శిక్షణ శిబిరంలో సొంత జట్టువాడే గుద్దితే దవడ విరిగింది. (ఇలాంటివి మనకే ఎందుకు జరుగుతాయో నన్నడక్కు.) ఇక్కణ్ణుంచి పంపేశాక చాలా ఏళ్లు బెంచీల మీద కూర్చుని, 2022లో సియాటిల్ తరఫున ఆ ఏటి ఉత్తమ పునరాగమన ఆటగాడి అవార్డు తీసుకున్నాడు.

ఇక డార్నాల్డ్. 2018లో ఆరో వంతు నుంచి మూడో వంతుకు ఎగబాకడానికి ఇండియానాపోలిస్‌కి మూడు రెండో రౌండ్ వంతులు ధారపోశారు. కుర్రాడికి అప్పటికి 20 ఏళ్లు. ఏడాదికే హెడ్ కోచ్ మారాడు. ముందు నిలబడి అతన్ని కాచాల్సిన లైన్‌మెన్ అడ్డుకోలేరు, పట్టుకునేవాళ్లు అంతంతమాత్రం. 2019 అక్టోబరులో న్యూ ఇంగ్లండ్ మీద 33-0తో ఓడిన సోమవారం రాత్రి, బెంచీ మీద కూర్చుని ‘నాకు దెయ్యాలు కనపడుతున్నాయి’ అన్న మాట మైకులో దేశమంతా విన్నది. 2021లో అతన్ని కరోలినాకి ఇచ్చేశారు. ఆ దెయ్యాల కుర్రాడే 2024లో మిన్నెసోటాకి 14 ఆటలు గెలిపించాడు, 4,319 గజాలు విసిరాడు, 35 టచ్‌డౌన్లు (బంతిని అవతలి గీత దాటించడం) వేశాడు. 2025లో సియాటిల్‌కి వెళ్లాడు.

ఇదంతా హైదరాబాద్‌లో ఉన్న మా మేనల్లుడికి చెబితే, ‘ఇది మా సన్‌రైజర్స్ వార్నర్ కథే కదా మామయ్యా’ అన్నాడు. 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ పీకేసి, ఆఖరికి ఆడించడం కూడా మానేస్తే, అదే ఏడు నవంబరులో ప్రపంచ కప్‌లో మ్యాన్ ఆఫ్ ది టోర్నమెంట్ అయ్యాడుగా.

మా ఊళ్లో కాలవ శివారున పొలం ఉన్న ఒక రైతు ఉండేవాడు. పంట రాకపోతే ఏటా విత్తనాల కొట్టు మార్చేవాడు. ఈ కొట్టువాడు మోసగాడు, ఆ కొట్టువాడు దొంగ అంటూ ఊరంతా చెప్పేవాడు. అతను వద్దని పారేసిన నారు పక్క చేలోవాళ్లు తీసుకెళ్లి నాటుకుంటే ఏపుగా వచ్చేది. శివారు భూమికి నీళ్లు అందవన్నది అందరికీ తెలుసు, అతనికి తప్ప. నువ్వు ఎంపిక, ఎంపిక అంటూ తిడుతున్నావు గానీ తమ్ముడూ, మన ఊళ్లో లేనిది నీళ్లు.

జాష్ అలెన్‌నే తీసుకో. 2018లో మనం డార్నాల్డ్‌ని తీసుకున్న నాలుగు వంతుల తర్వాత, ఏడో వంతులో బఫెలో అతన్ని తీసుకుంది. మొదటి ఏడు ఎలా ఆడాడో గుర్తుందా? విసిరినవాటిలో 52.8 శాతమే చేరాయి, 10 టచ్‌డౌన్లు వేస్తే 12 అవతలివాళ్ల చేతికి ఇచ్చాడు. మన దగ్గర అలా ఆడుంటే రెండో ఏడాదికే ఎడిసన్ సమోసా కొట్ల దగ్గర అతని శ్రాద్ధం పెట్టేవాళ్లం, అందులో నువ్వే ముందుండేవాడివి. బఫెలోవాళ్లు ఏం చేశారు? అతనికి ఆట నేర్పిన బ్రయన్ డాబోల్‌ని వరసగా నాలుగు సీజన్లు కదపలేదు. 2020లో స్టెఫాన్ డిగ్స్‌ని తెచ్చి, విసిరితే పట్టే చేతులు ఇచ్చారు. అలెన్‌ని మనం తీసుకుని ఉంటే ఇప్పుడు మన దగ్గర జాష్ అలెన్ ఉండేవాడని నువ్వనుకుంటున్నావు. నాకు ఆ నమ్మకం లేదు. మన దగ్గర ఇంకో డార్నాల్డ్ ఉండేవాడు, సియాటిల్‌లో అలెన్ ఉండేవాడు.

మన ఇంటి తీరుకి ఒక్క ఉదాహరణ చాలు. 2019 ఏప్రిల్ చివర్లో ఆటగాళ్లను ఎంచే జనరల్ మేనేజర్ మైక్ మకాగ్నన్ చేత డ్రాఫ్ట్ మొత్తం చేయించారు. మూడు వారాలు తిరక్కుండా, మే 15న, అతన్ని పంపేశారు. పెళ్లిళ్ల పేరయ్యతో సంబంధం కుదిర్పించుకుని, పదహారు రోజుల పండగ కాగానే గుమ్మం బయటికి నెట్టినట్టు. కొన్నాళ్లపాటు ఆ బాధ్యత కొత్తగా వచ్చిన కోచ్ ఆడమ్ గేస్‌కి అప్పగించారు. రెండేళ్లు తిరక్కుండా ఆ కోచ్‌నీ పంపేశారు. ఒకడు ఎంచిన కుర్రాణ్ణి ఇంకొకడు నేర్పుతాడు, మూడోవాడు వచ్చి ‘ఇతను నేను తెచ్చినవాడు కాదు’ అంటాడు. ఇలాంటి ఇంట్లో ఎవరు బాగుపడతారు?

అలాగని ఎంపికలో తప్పుల్లేవని నేననను. హాకెన్‌బర్గ్‌ని 2016లో రెండో రౌండ్‌లో తీసుకున్నారు, రెగ్యులర్ సీజన్‌లో ఒక్కటంటే ఒక్క స్నాప్ ఆడకుండానే వెళ్లిపోయాడు. ఆ ఎంపికను సమర్థించేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. జాక్ విల్సన్ సంగతి ఇంకా బాధ. 2020లో వరసగా 13 ఆటలు ఓడాం. ఒక్కటీ గెలవకపోతే మొదటి వంతు మనది, అందరూ కోరుకున్న క్వార్టర్‌బ్యాక్ ట్రెవర్ లారెన్స్ మనవాడు. అప్పుడు రెండు ఆటలు గెలిచి ఆ వంతు జాక్సన్‌విల్ చేతిలో పెట్టారు. మన జట్టు గెలిచిందని తల బాదుకున్న జనం మనమే. రెండో వంతులో విల్సన్ వచ్చాడు. మూడేళ్లకు డెన్వర్ వెళ్లాడు, అక్కడా మొలకెత్తలేదు. నీళ్లు పెట్టినా రాని విత్తనాలూ ఉంటాయి మరి.

కళ్లు అసలే లేవనడం మాత్రం అన్యాయం. 2022లో నాలుగో వంతులో సాస్ గార్డ్‌నర్‌ని, పదో వంతులో గారెట్ విల్సన్‌ని తీసుకుంటే ఇద్దరూ ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాళ్లయ్యారు, ఒకరు డిఫెన్స్‌లో, ఒకరు అఫెన్స్‌లో. ఇక క్వార్టర్‌బ్యాక్‌ని ముందే పసిగట్టే కన్ను ఎవరికుందిలే. 1983లో మనం 24వ వంతులో కెన్ ఓబ్రయన్‌ని తీసుకుంటే మూడు వంతుల తర్వాత, ముందు ముందు దిగ్గజమయ్యే డాన్ మరినో మయామికి దొరికాడు. సరే, అది మన ఖాతాలోనే వేసుకుందాం. కానీ అంతకంటే పెద్ద దిగ్గజం టామ్ బ్రేడీని 199వ వంతు దాకా ప్రపంచమంతా వదిలేసింది, చివరికి తీసుకున్న న్యూ ఇంగ్లండ్ కూడా అయిదు రౌండ్లు అతన్ని దాటుకుంటూ పోయింది.

ఈసారి నాకు కనపడేది ఒక్కటే. 2024లో మొదటి రౌండ్‌లో ఒలూ ఫషాను, 2025లో అర్మాండ్ మెంబూ. ఇద్దరూ క్వార్టర్‌బ్యాక్ ముందు గోడలా నిలబడాల్సిన లైన్‌మెన్. చొక్కాలు అమ్ముడుపోయే ఎంపికలు కావవి. కాలవ పూడిక తీస్తున్నారేమో అనిపించింది. ఫీల్డ్స్‌కి రెండేళ్లకు 40 మిలియన్ డాలర్లు అంటే క్వార్టర్‌బ్యాక్ ధరల్లో మరీ ఎక్కువేం కాదు, అతను కాకపోతే ఇంకొకణ్ణి వెతుక్కోవచ్చు. 2025లో కోచ్‌గా వచ్చిన ఆరన్ గ్లెన్ 1994లో మన మొదటి రౌండ్ ఎంపికే, ఈ ఇంటి గాలి అతనికి కొత్త కాదు. చూశావా, ఆశ పెట్టుకోనంటూనే ఎన్ని వాక్యాలు రాసేశానో.

ఇక జట్టు మారాలా అన్నది. నువ్వు మారలేవు. మారగలిగేవాడివైతే 2012 థాంక్స్‌గివింగ్ రాత్రే మారేవాడివి, శాంచెజ్ పరిగెత్తుకెళ్లి సొంత లైన్‌మన్ పిరుదులకు గుద్దుకుని బంతి జారవిడిస్తే న్యూ ఇంగ్లండ్‌వాళ్లు దాన్ని తీసుకెళ్లి టచ్‌డౌన్ వేసిన రాత్రి. ఆ ఆట 49-19. అది చూసి కూడా తర్వాతి ఆదివారానికి చొక్కా ఉతుక్కున్నవాడివి ఇప్పుడెక్కడికి పోతావు?

కానీ నీ కోపం ఎక్కడికి చేరుతోందో చూసుకో. యజమాని వుడీ జాన్సన్ ఈ జట్టుని 2000లో 635 మిలియన్ డాలర్లకు కొన్నాడు, ఇప్పుడు దాని విలువ అంతకు ఎన్నో రెట్లు. జాతీయ టీవీ హక్కుల డబ్బు గెలిచినవాళ్లకీ ఓడినవాళ్లకీ 32 జట్లకూ సమానంగా పంచుతారు. నువ్వు సోమవారం అన్నం మానేసినా అక్కడ పైసా తగ్గదు. తగ్గేది మీ వంటింట్లోనే. మీ ఆవిడ జనాన్ని పిలవడం మానేసిందంటే, ఆవిడ నీ మొహం ఎవరికీ చూపించలేకపోతోందని అర్థం. ఒంటిగంట ఆట నాలుగున్నర లోపు అయిపోతుంది. ఆదివారం రాత్రి భోజనాలకి మళ్లీ పిలవమని నువ్వే చెప్పు. ఓడినా గెలిచినా వచ్చినవాళ్లకి వడ్డించేది నువ్వే. చేతిలో పప్పు గరిట ఉన్నవాడు ముభావంగా కూర్చోలేడు, నేను చేసి చూశాను. సోమవారం పొద్దున కారులో స్పోర్ట్స్ రేడియో కట్టెయ్. నిజంగా వాళ్లకి నిరసన తెలపాలంటే వచ్చే ఏడు సీజన్ టికెట్లు కొనకు. అది జట్టు మారడం కాదు.

అబ్బాయి విషయం. మీవాడు పుట్టాక జెట్స్ ఒక్క ప్లేఆఫ్ ఆట కూడా ఆడలేదు. వాడికి తెలిసిన జెట్స్ అంటే ఆదివారం సాయంత్రం తలుపేసుకునే నాన్న. నీకైనా 2009, 2010 ఉన్నాయి. నాకు 1998 ఉంది. మన పెద్దలకి 1969 జనవరి ఉంది, గెలుస్తామని మన క్వార్టర్‌బ్యాక్ జో నామెత్ ముందే మాటిచ్చి సూపర్ బౌల్‌లో బాల్టిమోర్‌ని 16-7తో ఓడించిన రోజు. అప్పటికి నువ్వు పుట్టలేదు, నేను పలక పట్టలేదు. వాడికేముంది? అరిచినప్పుడు వాడు నవ్వింది నిన్ను వెక్కిరించడానికి కాదనుకుంటాను. ఒక చొక్కాకి ఇంత పెద్దమనిషి ఇలా అయిపోతాడా అని ఆశ్చర్యపోయి ఉంటాడు. నేను 2023లో నవ్వింది ఇక ఏడవలేక, వాడు నవ్వింది ఆ బరువు ఇంకా నెత్తికెత్తుకోక. ఎత్తించకు.

మా నాన్న ఎన్టీఆర్ తప్ప ఇంకో హీరో ఉన్నాడంటే ఒప్పుకునేవాడు కాదు. నేను కృష్ణ అభిమానిని. కొత్త సినిమా విడుదలైతే డబ్బులడగడానికి ఆయన ముందు నిలబడేవాణ్ణి. ‘ఏం, ఆయన డాన్సు చూడ్డానికా?’ అనేవాడు, పేపరులోంచి తలెత్తకుండానే. ప్రతిసారీ అదే మాట. ప్రతిసారీ చొక్కా జేబులోంచి రూపాయి తీసి ఇచ్చేవాడు. రాత్రి ఆట చూసి ఇంటికొచ్చాక కథ చెప్పమనేవాడు. ఫైట్లు ఎన్ని ఉన్నాయనేవాడు. ఆయన ఒక్కనాడు కూడా ఆ సినిమాలు బాగున్నాయనలేదు, నేను ఒక్కనాడు కూడా ఆయన చేత అనిపించాలని చూడలేదు. ఇప్పుడు ఆయన గురించి నాకు మొదట గుర్తొచ్చేది ఆ రూపాయే.

కాబట్టి, చొక్కా కొను. అరిచినందుకు వాడికి సారీ చెప్పు. అందులో జెట్స్ ప్రస్తావన తేకు.

ఈ 2025 సీజన్ మొదటి ఆట సెప్టెంబరు 7న, మన మైదానంలోనే, పిట్స్‌బర్గ్‌తో. అవతలి క్వార్టర్‌బ్యాక్ ఎవరో నీకు తెలుసు, మనం కొత్తగా పొమ్మన్న రాడ్జర్స్. ఆ ఆటకి నువ్వు ఒక్కడివే వెళ్లు, ఆ రోజు నీ నోట్లోంచి వచ్చే మాటలు పన్నెండేళ్లవాడు వినకపోవడమే మంచిది. మరుసటి ఆదివారం, 14న, బఫెలో వస్తోంది. రెండు టికెట్లు ఉన్నాయిగా. వాణ్ణి తీసుకెళ్లు, వాడు నీలం, నువ్వు పచ్చ. పొద్దున్నే వెళ్లి పార్కింగ్ లాట్‌లో గ్రిల్ పెట్టుకో, మీ ఆవిడ పులిహోర కట్టిస్తే ఆవిడ చల్లబడిందని లెక్క. బఫెలో అభిమానులకి మడత బల్లల మీదకి దూకి విరగ్గొట్టే అలవాటుంది, అదొక్కటి వాడు నేర్చుకోకుండా చూసుకో. మూడో క్వార్టర్లో అలెన్ మన డిఫెన్స్‌ని చీల్చుకుంటూ పోతుంటే వాడు లేచి గంతులేస్తాడు. అప్పుడు నువ్వు ఏమన్నా అనాలనిపిస్తే, అలెన్ ఎందుకు అంత బాగా ఆడుతున్నాడో వాణ్ణే అడుగు. మీవాడికి నీకంటే ఎక్కువే తెలిసి ఉంటుంది.

చొక్కా ఒక సైజు పెద్దదే తీసుకో. పన్నెండేళ్లవాడు, సరిపోయేది కొంటే డిసెంబరుకల్లా పొట్టయిపోతుంది.